రంగులరాట్నం ఆగినప్పుడు



సూళ్ళూరుపేట, నాయుడుపేట, సత్యవేడు, పుత్తూరు ప్రాంతాల్లో ఉన్న మీకు వాషర్‌మెన్‌పేట్‌ను నేను కొత్తగా పరిచయం చెయ్యనక్కరలేదు. ఇంట్లో పెళ్ళి కుదిరిందంటే బట్టలు కొనడానికి మీరు వచ్చే ఎం.సి. రోడ్డు ఉన్నది మా పేటలోనే. పొద్దున్నే రైలెక్కి కొరుక్కుపేటలో దిగుతారు. మధ్యాహ్నానికి చీరల మూటలు కట్టించుకుంటారు. వెంట పిల్లలుంటే మాత్రం పని అంతటితో తీరదు. "బట్టలు అయిపోయాయి కదా, ఎగ్జిబిషన్‌కు పోదాం" అని పేచీ పెడతారు. పొంగలి రోజులైతే తీవుత్తిడల్‌లో, అంటే ఐలాండ్ గ్రౌండ్స్‌లో, తమిళనాడు పర్యాటక అభివృద్ధి సంస్థ ఏటా నడిపే ప్రదర్శన ఉంటుంది. అక్కడ జెయింట్ వీల్ ఎక్కిస్తే తప్ప పిల్లలు ఇంటిదారి పట్టరు.

ఈ రోజు ఆ జెయింట్ వీల్ గురించీ, దాని చుట్టాల గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం. వినోదపు పార్కును పెద్దది చెయ్యాలంటే స్థలం కావాలి. స్థలం కోసం పాత రైడ్లను మూసేస్తారు. అది న్యాయమా, కాదా? ఇదేం పెద్ద సమస్య అంటారా? మా ఇంట్లో ఒక ఆదివారం పూట ఇద్దరు అన్నదమ్ములు ఈ మాట మీదే కాఫీ చల్లారిపోయేదాకా వాదించుకున్నారు.

ఆ ఇద్దరూ మా అక్క కొడుకులు. పెద్దవాడు అమెరికాలో ఉద్యోగం చేస్తాడు, సెలవుకు వచ్చాడు. చిన్నవాడు ఇక్కడే కాలేజీలో చదువుకుంటున్నాడు. పెద్దవాడు ఒక పడవ కథ ఎత్తుకున్నాడు. ఫ్లోరిడా రాష్ట్రంలో వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉంది కదా. అందులో మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కు 1971 అక్టోబరు 1న తెరిచారు. పార్కులో ఒక నది తవ్వారు. దాని మీద, వెనుక పెద్ద తెడ్ల చక్రం తిరుగుతుండగా మెల్లగా సాగే ఆవిరి పడవ ఒకటి నడిపారు. నది మధ్యలో టామ్ సాయర్ పేరుతో ఒక దీవి. సుమారు యాభై నాలుగేళ్ళు నడిచాక, 2025 జూలై 6న ఆ పడవకూ ఆ దీవికీ చివరి రోజు వచ్చింది. ఆ నది స్థానంలో కార్ల బొమ్మల సినిమా ఆధారంగా కొత్త రైడ్లు వస్తాయని 2024 ఆగస్టులోనే కంపెనీ ప్రకటించింది. దాని వెనుక కథల్లోని దుష్టపాత్రల పేరిట మరో విభాగం కూడా వస్తుందట. ఆ పార్కు చరిత్రలోనే ఇంత పెద్ద విస్తరణ లేదని వాళ్ళు చెప్పుకున్నారు.

"అన్యాయం మామా" అన్నాడు పెద్దవాడు. "ఎండలో తిరిగి తిరిగి అలిసిపోయినవాళ్ళు కాసేపు కూర్చునే చోటు అది. నీళ్ళు, చెట్లు, చల్లగాలి. అంతా తీసేసి ఇంజన్ల మోత పెడితే ఎలా?"

చిన్నవాడు ఒప్పుకోలేదు. "నువ్వు ఆ పడవ ఎన్నిసార్లు ఎక్కావన్నా?" అని అడిగాడు. పెద్దవాడు నీళ్ళు నమిలాడు. ఒక్కసారే ఎక్కాడట. "చూశావా, ఎక్కేది ఒక్కసారి, ఏడ్చేది వందసార్లు. కొత్తది రావాలంటే పాతది తప్పుకోవాలి. మన పేటకు మెట్రో రైలు కోసం ఎన్నేళ్ళు రోడ్లు తవ్వారు? అప్పుడందరూ తిట్టారు. 2019 ఫిబ్రవరిలో రైలు వచ్చింది. ఇప్పుడు తిట్టినవాళ్ళే ఎక్కుతున్నారు" అన్నాడు.

ఆలోచిస్తే ఇద్దరి మాటలోనూ నిజముంది. ఈ తగవు ఈనాటిదీ కాదు. అదే మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కప్పదొర పేరుతో పిల్లల బండి ఒకటి ఉండేది. దాన్ని మూసేస్తారని 1997లో వార్త పొక్కింది. అభిమానులు ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుని పార్కుకు వెళ్ళి, ఎవరినీ నొప్పించకుండా, నవ్వుతూనే నిరసన తెలిపారు. అయినా 1998 సెప్టెంబరులో ఆ బండి ఆగిపోయింది. తమాషా ఏమిటంటే, కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో 1955లో మొదలైన కప్పదొర బండి ఇప్పటికీ నడుస్తోంది. బండి పేరు ఒకటే, బొమ్మ ఒకటే. ఒకచోట అది పనికిరాని పాత వస్తువైంది, ఇంకొకచోట వారసత్వ సంపద అయింది. కాబట్టి రైడు పాతబడటానికి వయస్సు ఒక్కటే కారణం కాదు. దాన్ని చూసే కళ్ళు కూడా కారణమే.

జెయింట్ వీల్ పుట్టుక చూడండి. 1893లో షికాగో ప్రదర్శన కోసం ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల ఎత్తున మొదటి మహాచక్రం నిలబెట్టాడు. ముప్ఫయ్యారు పెట్టెలు, పెట్టెకు అరవై మంది. అంతటి చక్రాన్ని 1906లో డైనమైట్ పెట్టి కూల్చి, తుక్కు కింద జమకట్టారు. వియన్నా నగరంలో 1897లో కట్టిన చక్రం గతి వేరు. 1916లో దాన్ని విప్పెయ్యడానికి అనుమతి కూడా వచ్చింది. కాని విప్పడానికి డబ్బు చాలక వదిలేశారు. 1944లో యుద్ధంలో కాలిపోయింది. 1947లో మళ్ళీ నిలబెట్టారు. ముప్ఫయి పెట్టెలున్న చోట బరువు తగ్గించి పదిహేనే పెట్టారు. ఇవాళ ఆ చక్రం లేని వియన్నాను ఊహించలేరు. తీసెయ్యాలనుకున్నదే ఊరికి గుర్తయి కూర్చుంది.

ఇక మన చెన్నై మాట. 1995లో తాంబరం దగ్గర కిష్కింటా తెరిచారు. మొదటి భారతీయ త్రీడీ సినిమా తీసిన నవోదయ అప్పచ్చన్ దాని సృష్టికర్త. వానరుల రాజ్యం పేరు పెట్టినందుకు పిల్లలు అక్కడ నిజంగా కోతులే అయ్యేవారు. ఈ సరిహద్దు ఊళ్ళ బడిపిల్లలు ఎందరో విహారయాత్రకు అక్కడికి వెళ్ళి ఉంటారు. 2016 మే నెలలో ఒక రైడును పరీక్షిస్తుండగా ప్రమాదం జరిగి అక్కడ పనిచేసే యువకుడొకడు ప్రాణం కోల్పోయాడు. 2025 మే నెలలో తూర్పు తీరపు రోడ్డు మీద మరో పార్కులో రైడు పైకి లేచి అక్కడే ఆగిపోయింది. ముప్ఫయి మందికి పైగా జనం కొన్ని గంటలపాటు గాలిలో ఉండిపోతే అగ్నిమాపక దళం వచ్చి దించింది. అదే ఏడాది డిసెంబరులో తిరుప్పోరూరు వైపు వండర్‌లా వారి కొత్త పార్కు తెరుచుకుంది. ఇలా పాతవి తరుగుతూ, కొత్తవి పెరుగుతూ ఉన్న కాలం ఇది.

యంత్రం అరిగిపోయి రైడు మూసేస్తే దాన్ని తప్పుపట్టకూడదు. ఇనుముకు మన జ్ఞాపకాలతో పనిలేదు. ఒక బోల్టు వదులైతే అది జారుతుంది, అంతే. అలాంటి మూసివేతకు మనం కృతజ్ఞత చెప్పుకోవాలి. ఆ మాట నేను అన్నదమ్ములిద్దరికీ చెప్పాను. ఇద్దరూ తలూపారు.

అప్పటిదాకా వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ తలెత్తింది. "మీ అబ్బీలకు పడవ గొడవ గాని, నా రైలు సంగతి ఎవరికీ పట్టలేదు" అంది.

నాకు గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట అందరం కలిసి ఒక పార్కుకు వెళ్ళాం. అమ్మకు మోకాళ్ళ నొప్పి. అక్కడ పిల్లల రైలు ఒకటి ఉండేది. మనిషి నడిచేంత వేగం. అమ్మ అందులో మనవలిద్దరినీ చెరొక పక్కన కూర్చోబెట్టుకుని మూడుసార్లు తిరిగింది. మళ్ళీ నాలుగేళ్ళకు వెళ్ళాం. పార్కు రెండింతలైంది. రైలు లేదు. పట్టాలున్న చోట తలకిందులుగా తిప్పే యంత్రం పెట్టారు. పిల్లలు ఎగిరి గంతేశారు. మేమంతా వరసలో నిలబడ్డాం. అమ్మ మా చెప్పులూ, సంచులూ, నీళ్ళ సీసాలూ ముందేసుకుని సాయంత్రం దాకా ఒక సిమెంటు బల్ల మీద కూర్చుంది. టిక్కెట్టు మాత్రం మాతో సమానంగానే కొన్నాం. ఆ రోజు ఇంటికొచ్చి "బాగుందా అమ్మా" అని అడిగితే "బాగుంది నాయనా" అంది. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా రాలేదు.

అన్నదమ్ములు మాట్లాడలేదు. కాసేపటికి చిన్నవాడే అన్నాడు. "మెట్రోకు రోడ్డు తవ్వారు గాని అవ్వ కోసం లిఫ్టు కూడా పెట్టారు మామా. పార్కువాళ్ళు అది మరిచిపోయినట్టున్నారు."

శ్రోతలారా, నా మనవి ఇదే. రైడు పాతదా, కొత్తదా అన్నది అసలు ప్రశ్న కాదు. దానిలో ఎవరెవరు కలిసి కూర్చోగలరన్నది ప్రశ్న. పెద్ద రైడు ముందు ఎత్తు కొలిచే కర్ర ఒకటి పాతి ఉంటుంది. ఆ కర్రకు అందని చిన్నపిల్లలు ఎక్కలేరు. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు, నడుంనొప్పి ఉన్నవారు ఎక్కరాదని పక్కనే బోర్డు ఉంటుంది. అది వాళ్ళ క్షేమం కోసమే. కాని పార్కును పెంచే ప్రతిసారీ మెల్లగా నడిచేవాటినే తీసేసుకుంటూ పోతే, ఆ బోర్డు కింద నిలబడిపోయేవాళ్ళు పెరుగుతారు. పడవ, బొమ్మ రైలు, రంగులరాట్నం, వీటికి పొడవాటి వరస ఉండకపోవచ్చు. ఇంటిల్లిపాదీ ఒకే బల్ల మీద కూర్చునేది వాటిలోనే.

ఈసారి పెళ్ళి బట్టలకు వచ్చి పిల్లల్ని ఏదైనా పార్కుకు తీసుకుపోతే, టిక్కెట్టు కొనేముందు కిటికీ దగ్గర రెండు మాటలు అడగండి. ఈ రోజు మూసి ఉన్న రైడ్లు ఏవి? మా అవ్వ ఎక్కగలిగినవి ఎన్ని? నలుగురూ అడిగితే వాళ్ళకూ లెక్క తెలుస్తుంది. మీ ఊరి తిరునాళ్ళలో రాట్నాలకు స్థలం పంచే పెద్దలైతే, ఆకాశానికెత్తే చక్రంతో పాటు చెక్కగుర్రాల రంగులరాట్నానికీ ఒక మూల ఉంచండి. దాని మీద తాతా మనవడూ పక్కపక్కనే తిరుగుతారు.