కోర్టు ఉత్తర్వు ఇంటి దాకా రావాలి

(వార్షిక సర్వసభ్య సమావేశంలో దాతల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మీరు ఇచ్చే జకాత్, ఫిత్రా, సదఖాలతోనే పిల్లల ఫీజులు, రోగుల మందులు, దిక్కులేని ఇళ్ళ రేషన్ నడుస్తున్నాయి. అల్లాహ్ మీ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. ఈ రోజు జమాఖర్చుల పట్టికలో కనిపించని ఒక సంగతి మీ ముందు పెట్టదలిచాం.

నెలనెలా బియ్యం, పప్పు, నూనె కోసం మన దగ్గరికి వచ్చే చెల్లెళ్ళందరూ వితంతువులు కారు. కొందరిని భర్త వదిలేసి వెళ్ళాడు. కొందరికి తలాఖ్ అయింది. అలాంటివారి చేతిసంచిలో ఒక ప్లాస్టిక్ కవరు, ఆ కవరులో మడతలు నలిగిన ఒక కోర్టు కాగితం ఉంటుంది. భార్యకు నెలకు ఇంత, బిడ్డకు ఇంత భరణం చెల్లించాలని జడ్జిగారు సంతకం చేసిన ఉత్తర్వు అది. ఇవ్వాల్సినవాడు ఇవ్వడు. ఆ లోటు మీ డబ్బుతో పూడుతోంది.

కొంచెం ఆలోచించండి. బాధ్యత ఉన్నవాడి బాకీని, ఏ బాధ్యతా లేని మీరు తీరుస్తున్నారు. మీ సవాబ్ మీకు దక్కుతుంది, అందులో సందేహం లేదు. కానీ దానితోపాటు ఎగ్గొట్టినవాడికి కూడా సుఖం దక్కుతోంది. ఆకలితో ఉన్న ఇంటికి రేషన్ ఆపమని మేం అనడం లేదు. రేషన్ ఇస్తూనే, ఆ కవరులోని కాగితం అమలయ్యేలా చూడటం కూడా ఖిద్మతే అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక అపోహ తొలగాలి. "మన షరీయత్‌లో ఇద్దత్ దాటాక ఖర్చు ఇవ్వనక్కర్లేదు కదా, కోర్టు ఎలా ఇప్పిస్తుంది?" అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు ఒకసారి కాదు, పలుమార్లు జవాబు చెప్పింది. 1985లో ఇండోర్‌కు చెందిన షా బానో కేసు వచ్చింది. కింది కోర్టు ఆమెకు నెలకు 25 రూపాయలు ఇవ్వమంటే, హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు నిలబెట్టింది. తలాఖ్ పొందిన స్త్రీకి న్యాయమైన రీతిలో ఆసరా ఇవ్వమనే సూరా బఖరా 241వ ఆయత్‌ను కూడా ఆ తీర్పులో ప్రస్తావించింది. తర్వాత 1986లో వేరే చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం కూడా భర్త ఆమె ముందుముందు బతుకుకు సరిపడే ఏర్పాటు ఇద్దత్ కాలంలోనే చెయ్యాలని 2001లో డానియల్ లతీఫీ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది.

ఇక తాజా తీర్పు మన తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే వచ్చింది. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 రూపాయల మధ్యంతర భరణం ఇవ్వమంది. 2023 డిసెంబరులో హైకోర్టు దాన్ని 10,000 చేసింది. తలాఖ్ అయిన ముస్లిం మహిళకు 1986 చట్టమే వర్తిస్తుందని, అందరికీ వర్తించే 125వ సెక్షన్ వర్తించదని భర్త సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2024 జూలై 10న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. అదే నెల 1వ తేదీ నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. పాత 125వ సెక్షనే ఇప్పుడు అందులో 144వ సెక్షన్. హక్కు గురించిన చర్చ అక్కడితో ముగిసింది. ఇక మిగిలింది అమలు.

ఉత్తర్వు చేతికి వచ్చింది, డబ్బు రాలేదు. అప్పుడు ఏం చెయ్యాలి? చాలామంది అక్కాచెల్లెళ్ళు ఊరకే ఎదురుచూస్తారు. "ఈ నెల కాకపోతే వచ్చే నెల ఇస్తాడు" అనుకుంటారు. ఆ ఎదురుచూపుకు ఖరీదు ఉంది. బాకీ పడిన తేదీ నుంచి ఏడాది లోపు కోర్టులో దరఖాస్తు పెట్టుకోకపోతే, ఆ బాకీకి వసూలు వారెంటు రాదు. ఉదాహరణకు నెలకు 4,000 రూపాయల ఉత్తర్వు ఉంది, 18 నెలలుగా అందలేదు అనుకుందాం. బాకీ 72,000 అయింది. ఆమె ఇవాళ దరఖాస్తు పెడితే వారెంటు దారిలో అడగగలిగేది చివరి 12 నెలల 48,000 మాత్రమే. మిగిలిన 24,000 ఓర్పు వల్ల పోయినట్టే. అందుకే రెండు మూడు నెలలు ఆగిపోగానే కదలాలి.

దరఖాస్తు పెడితే కోర్టు మొదట వసూలుకు వారెంటు ఇస్తుంది. అప్పటికీ సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే నెల రోజుల వరకు, లేదా చెల్లించేదాకా, జైలుకు పంపవచ్చు. జైలుకు పోయి వస్తే బాకీ తీరినట్టేనని కొందరి ధీమా. అది తప్పు. జైలు అనేది డబ్బు ఇప్పించడానికి వేసే ఒత్తిడే గానీ చెల్లింపు కాదని కుల్‌దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జైలు నుంచి వచ్చినా బాకీ బాకీగానే ఉంటుంది. మనిషి ఊరు మారినా లాభం లేదు. అతను ఎక్కడ ఉంటే అక్కడి మేజిస్ట్రేటు చేత ఆ ఉత్తర్వును అమలు చేయించుకోవచ్చు. గల్ఫ్‌కు పోయినవాడిని పట్టుకోవడం కష్టమే. కానీ ఇక్కడ అతని పేరు మీద ప్లాటో, పొలమో ఉంటే భరణం ఉత్తర్వును డబ్బు డిక్రీ లాగా అమలు చేసి ఆస్తి జప్తు చేయవచ్చని 2020లో రజ్నేష్, నేహా కేసు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. గృహహింస చట్టం కింద కేసు వేసినవారికి ఇంకో వెసులుబాటు ఉంది. జీతంలో కొంత భాగం నేరుగా ఆమెకు చెల్లించమని మేజిస్ట్రేటు యజమానినే ఆదేశించవచ్చు.

ఇవన్నీ అయ్యాక వచ్చేది కోర్టు ధిక్కరణ. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం ప్రకారం, కోర్టు ఉత్తర్వును కావాలని ఉల్లంఘించడం గానీ, కోర్టుకు ఇచ్చిన హామీని కావాలని తప్పడం గానీ సివిల్ ధిక్కరణ. దీనికి ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కింది కోర్టుల ఉత్తర్వులను ధిక్కరించినవారిని ఈ చట్టం కింద శిక్షించే అధికారం హైకోర్టుది. దీనికి కూడా ఏడాది గడువు ఉంది. అయితే అమలుకు వేరే దారి ఉన్నప్పుడు హైకోర్టు సాధారణంగా ముందు అటు వెళ్ళమంటుంది. కాబట్టి "ధిక్కరణ కేసు వేస్తే రేపే లోపల వేస్తారు" అని ఎవరైనా ఆశ పెడితే నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. అదే, కోర్టు ముందు నిలబడి "ఫలానా తేదీకి మొత్తం కడతాను" అని హామీ రాసిచ్చి, చేతిలో డబ్బు ఉండి కూడా మాట తప్పినవాడి విషయం వేరు. అలాంటివాడికి ఈ చట్టం తగులుతుంది.

ఈ చట్టంలో "కావాలని" అన్న మాటే ప్రాణం. పని పోయినవాడు, జబ్బున పడినవాడు ఇవ్వలేకపోవడం ధిక్కరణ కాదు. అలాంటి తమ్ముడు మొహం చాటేసి తిరగకూడదు. కోర్టుకు వెళ్ళి తన పరిస్థితి చెప్పుకుని మొత్తం తగ్గించమని అడగాలి. మారిన పరిస్థితిని బట్టి భరణాన్ని తగ్గించడానికి, పెంచడానికి 146వ సెక్షన్ ఉంది. అతనికి దారి చూపడం కూడా మన పనే. అలాగే పిల్లల సంగతి. వారంలో ఒక రోజు తండ్రికి బిడ్డను చూపించమని కోర్టు ఆదేశిస్తే, ఆ రోజుకు బిడ్డను వేరే ఊరికి పంపేసే తల్లి కూడా ఉత్తర్వును మీరినట్టే. "డబ్బు ఇవ్వలేదు కాబట్టి బిడ్డను చూపించను", "బిడ్డను చూపించలేదు కాబట్టి డబ్బు ఇవ్వను" అనే రెండు మాటలూ కోర్టు ముందు నిలవవు. దేని ఉత్తర్వు దానిదే. మధ్యలో నలిగేది ఆ పసివాడు.

మస్జిద్ కమిటీల పెద్దలతో ఒక మనవి. మన దగ్గర చాలా తగాదాలు పెద్దమనుషుల పంచాయితీలోనే తెగుతాయి. అది మంచిదే. కానీ తెల్ల కాగితం మీద రాసి, నలుగురు సంతకాలు పెట్టిన ఒప్పందం కోర్టు ఉత్తర్వు కాదు. రేపు అతను మాట తప్పితే అది కోర్టు ధిక్కరణ అవదు, దాని మీద వసూలు వారెంటూ రాదు. ఆమె మళ్ళీ మొదటి నుంచి కేసు వేసుకోవాలి. కాబట్టి రాజీ కుదిరిన రోజే ఇద్దరినీ లోక్ అదాలత్‌కు తీసుకెళ్ళి అక్కడ రికార్డు చేయించండి. లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు కూడా లేదు. డబ్బు చేతికి ఇచ్చే పద్ధతి మానిపించి, ఆమె బ్యాంకు ఖాతాలో వేయించండి. "ఇచ్చాను", "ఇవ్వలేదు" అనే తగాదా పాస్‌బుక్కుతో తీరిపోతుంది.

ఇప్పుడు దాతలతో కొంచెం చనువుగా మాట్లాడతాం. తప్పుగా అనుకోవద్దు. మీలో రైస్ మిల్లులు, దుకాణాలు, ట్రాన్స్‌పోర్టు నడిపేవారు ఉన్నారు. భరణం కేసు నడుస్తుంటే భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్ రూపంలో కోర్టుకు చెప్పాలని 2020 తీర్పు నియమం పెట్టింది. అప్పుడు ఆ మనిషి మీ దగ్గరికే వచ్చి "సేఠ్, జీతం తక్కువ చేసి రాసివ్వండి" అంటాడు. పాత మనిషి, పనిమంతుడు, కాదనలేక మీరు 18,000 జీతాన్ని 8,000 అని రాసిచ్చారనుకోండి. ఆ కాగితంతో బిడ్డకు రావాల్సిన పాలడబ్బులు తగ్గిపోతాయి. ఆ బిడ్డే తల్లి వెంట రేషన్ కోసం మన సొసైటీ గుమ్మం ముందు నిలబడుతుంది. మీరు రంజాన్‌లో ఇచ్చే సదఖా ఆ ఇంటికే వెళుతుంది. ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో ఇచ్చినట్టు అవుతుంది. నిజం జీతం రాసివ్వడం మీరు చేయగల పెద్ద దానం, దానికి పైసా ఖర్చు లేదు.

"మనవాణ్ణి మనమే జైలుకు పంపించుకోవడం పరువు తక్కువ కదా" అని కొందరు పెద్దలు బాధపడతారు. ఆ బాధ మాకూ ఉంది. కానీ బిడ్డల తల్లి నెలనెలా క్యూలో నిలబడి చెయ్యి చాచడం పరువు అవుతుందా? జుమా నమాజులో మొదటి సఫ్‌లో నిలబడే మనిషి పక్క వీధిలో ఉన్న తన బిడ్డకు బాకీ ఉంటే, ఆ మాట అతనికి మెల్లగా, ఒంటరిగా చెప్పగలిగినవారు ఈ సభలోనే ఉన్నారు. పోలీసు వారెంటు పట్టుకుని రాకముందు మీరు వెళ్ళి చెబితే చాలా ఇళ్ళలో పని అక్కడే అయిపోతుంది.

మా వైపు నుంచి చేయదలిచింది చిన్న పని. ఉత్తర్వు ఉండి డబ్బు అందని చెల్లెళ్ళ వివరాలు గోప్యంగా రాసుకుని, బాకీ తేదీలు లెక్కగట్టి, ఏడాది గడువు దాటకముందే దరఖాస్తు పెట్టించాలి. వకీలు ఖర్చు గురించి భయం అక్కర్లేదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు, పిల్లలకు ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఫోను నంబరు 15100. మహిళా హెల్ప్‌లైన్ 181. మిగిలే ఖర్చు బస్సు చార్జీలు, జిరాక్సులు, ఉత్తర్వు నకళ్ళు, వాయిదా రోజు కోల్పోయే కూలి. ఆమెకు వాయిదాకు తోడు వెళ్ళే మనిషి కూడా కావాలి. ఈ ఖర్చుకు జకాత్ పద్దును ముట్టుకోము. సాధారణ విరాళాల నుంచే పెడతాం, లెక్క వేరుగా చూపిస్తాం. చదువుకున్న మన ఆడపిల్లలు, రిటైరైన ఉద్యోగులు నెలకు ఒక రోజు ఇస్తే తోడు సమస్య తీరుతుంది. వెళ్ళేముందు కార్యాలయంలో మీ పేరు రాయించండి.

హక్కు ఉన్నవారికి వారి హక్కు చేరవేసే పనిలో అల్లాహ్ మనందరినీ భాగస్వాములను చేయుగాక. ఆమీన్.