మంచు వేళ చిత్రలేఖనము



కృష్ణా డెల్టాలో చిత్రకారునకు పనియేమున్నదని కొందరడుగుదురు. కొండ లేదు, లోయ లేదు. గుడివాడ మొదలు హంసలదీవి వరకు నేల పళ్లెమువలె చదును. బొమ్మలో దూరము చూపుటకు ఆధారమేది? పుష్యమాసపు మంచే ఆ ఆధారము. తెల్లవారుజామున అవనిగడ్డ పొలము గట్టున నిలిచినవారు దీని నెరుగుదురు. దగ్గరి తాడిచెట్టు నల్లగా నుండును. దాని వెనుకటిది బూడిదరంగు. ఆ వెనుకటిది ఉన్నదో లేదో తెలియదు. ఎండలో ఒకే వరుసగా తోచిన చెట్లు మంచులో నాలుగు తెరలుగా విడిపోవును.

ఆ తెరలను రంగులో పట్టు విద్యకు బందరులోనే పీఠముండెను. 1910లో స్థాపితమైన ఆంధ్ర జాతీయ కళాశాలలో, 1920 తరువాతి సంవత్సరములలో, వంగదేశీయుడగు ప్రమోదకుమార చటోపాధ్యాయుడు చిత్రకళ బోధించెను. 'నారాయణరావు' నవలాకారుడుగా గ్రంథాలయ పాఠకులెరిగిన అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. వారి సంప్రదాయమునకు మూలపురుషుడు అవనీంద్రనాథ ఠాకూరు. 1903లో జపాను నుండి కలకత్తాకు వచ్చిన యొకొయామ తైకాన్ తడికాగితముపై రంగు పరచుట చూచి, ఆయన తన 'వాష్' పద్ధతిని రూపొందించుకొనెను. తైకాన్ బృందపు చిత్రములను స్వదేశీయులే మసకబొమ్మలని వెక్కిరించిరి. ఆ మసకయే ఇచ్చట శైలియైనది!

అయితే వాష్ చిత్రము గదిలో తీరికగా వేయునది. కాలువగట్టున తీరిక యెక్కడిది? పొద్దెక్కిన గంట రెండు గంటలలో మంచు విడిపోవును. తడిగాలికి కాగితమారదు; ఆరకమునుపే ముదురురంగు వేసినచో అంతయు బురదయగును. కావున దూరపు లేతరంగులు ముందు, తడిమీదనే వేయవలెను; దగ్గరి చెట్టు చివర, తడి కొంత ఇంకిన పిమ్మట. తెల్లరంగు జోలికి పోరాదు. దానిని పూసినచోట మంచు కాదు, వెల్లవేసిన గోడ కనబడును. కాగితపు తెలుపునే విడువవలెను. చెట్టు క్రింద కూర్చుండరాదు. ఆకునుండి రాలు ఒక్క చుక్క ఆకాశమంతయు చెరచును. కుప్ప నూర్చు రైతు మంచెప్పుడు విడునా యని చూచును, చిత్రకారుడు మరికొంతసేపు నిలుచునా యని. ఇద్దరిదియు ఒకే గట్టు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమపై పడి వేలమంది ప్రాణములు గొనెను. ఊళ్ల రూపమే మారెను. గుడివాడ వైపున వరిచేలనేకము చేపల చెరువులైనవి. పూర్వపు ఊరిని ముదుసలులు నోట చెప్పవలసినదే; కాని ఏ చెట్టు వెనుక ఏ చెట్టుండెనో, కాలువ ఏ వంపు తిరిగెనో మాటకందదు. పిల్లవానికొక రంగుల పెట్టె, కాగితము బిగించు పలక చాలును. నీరు కాలువలోనే కలదు. వచ్చు పుష్యమున ఊరి పొలిమేరను ఒకే చోటినుండి నాలుగు ఉదయములు వేయించి, తేదీ వ్రాసి, ఆ కాగితములను ఈ గ్రంథాలయపు బీరువాలో పుస్తకముల ప్రక్క నుంచవచ్చును.