పాతకారును ఇంటికి దెచ్చుట



పూర్వము సంతలో ఎద్దును కొనువాడు పండ్లు చూచెడివాడు, సుడులు చూచెడివాడు, నాలుగడుగులు నడిపించి కాలు వేయు తీరు చూచెడివాడు. బేరము కుదిరి పశువును అప్పగించునప్పుడు మా తండ్రిగారు పలుపును మాత్రము విప్పి తమయొద్దనే యుంచుకొనెడివారు. కొన్నవాడు తాను తెచ్చిన క్రొత్తపలుపును గట్టి తోలుకొని పోవలెను. బాల్యమున నాకిది పిసినారితనముగా దోచెడిది. అడుగగా ఆయన, "పలుపు నాచేతిలో నున్నచో ఎద్దు నాది కాదని నలుగురికి తెలియునురా" అనిరి. ఆ మాటకు అర్థము నాకు అరువదియేండ్లు దాటినపిమ్మట ఒక పాతకారు మూలమున దెలిసినది. ఆ కథయే నేడు మనవిచేయుచున్నాను.

మా కాపురము ధర్మవరము. మా ఇంటియామెకు మోకాళ్లనొప్పి ముదిరినది. ఆసుపత్రికి పోవలసినప్పుడెల్ల ఆటోకొరకు వీధిలో నిలుచుట కష్టమగుటచే, మా చిన్నవాడు ఒక పాతకారు కొందమనెను. హిందూపురమున నాతోగూడ పాఠములు చెప్పిన మిత్రుడొకడు కలడు. అతనికి చూపు మందగించినది, కారును అమ్మదలచెను. అమ్మబోయిన అడవి, కొనబోయిన కొరివి యని సామెత. మా యిరువురి నడుమ అట్టి బాధ లేకపోయెను. ఒక్కమాటతో ధర కుదిరినది.

పాతకారును కొనువారు చూడవలసినవి కొన్ని కలవు. ఉదయమున యంత్రము చల్లగా నున్నప్పుడే నడిపించి చూడవలెను. వేడెక్కిన యంత్రము తన రోగమును దాచును. చక్రపు టైరు ప్రక్కన నాలుగంకెలు అచ్చువేసియుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. పైకి నునుపుగా, నల్లగా నున్నను రబ్బరునకు వయస్సు తప్పదు. అదనపు చక్రమును, జాకీని గూడ బయటికి దీయించి చూడవలెను. ఇవన్నియు మావాడు శ్రద్ధగా జూచెను. కాగితములను మాత్రము సంచితో సహా పుచ్చుకొని వెనుకసీటులో వేసెను. నేనును అడుగనైతిని. మిత్రుని యిల్లు గదా!

పేరుమార్పుకు గావలసిన ఫారములపై మిత్రుడు సంతకములు చేసి, తేదీని ఖాళీగా విడిచెను. "నిదానముగా చేయించుకొందము, నాయనా! ఏడాదిలో మరియొకటి కొన్నచో దీనిని ఇట్లే అమ్మివేయవచ్చును" అని మావాడు నా చెవిలో ననెను. నాకది నచ్చలేదు, మిత్రునియెదుట వాదింపలేక యూరకుంటిని.

భోజనానంతరము బయలుదేరితిమి. హిందూపురపు బెల్లము, చింతపండు మండీలను దాటి, సోమందేపల్లి మీదుగా పెద్దరహదారి నెక్కితిమి. పెనుకొండ సమీపించునప్పటికి వేడిని జూపు ముల్లు పైకి లేచినది. బండి నాపి చూడగా ముందుభాగమునుండి ఆవిరి వచ్చుచున్నది. మావాడు వెంటనే రేడియేటరు మూత విప్పబోయెను. దారిప్రక్క టీకొట్టులో కూర్చున్న లారీడ్రైవరొకడు పరుగున వచ్చి అతనిచేయి పట్టుకొనెను. "సామీ, ఇప్పుడు మూత తీస్తే సలసలకాగే నీళ్లు మొగానికి కొడతాయి. అరగంట చల్లారనీండి" అనెను. లోపలి నీరు ఒత్తిడిలో మరుగుచుండును. మూత విప్పినతోడనే ఎగజిమ్మును. ఆతని దయవలన మావాని కన్నులు దక్కినవి.

చల్లారుటకై కూర్చున్న ఆ వేళ నేను కాగితముల సంచి విప్పి చదివితిని. బీమా గడువు తీరి అప్పటికి రెండునాళ్లు! చూపు మందగించిన మిత్రుడు తేదీని గమనింపలేదు. చూపున్న మేమును చూడలేదు.

మెకానిక్కు వచ్చి, చీలిన రబ్బరుగొట్టమును మార్చి నీరు పోసెను. మావాడు తాళము చేతబట్టి, "ఇంక గంటదారియే గదా నాయనా, పోదము" అనెను. నేను దిగి నిలిచితిని.

అప్పుడు వానికి, అంతవరకు ఇంటిలో నెవరికిని చెప్పని నా కథ నొకదానిని చెప్పితిని. కొన్నేండ్లక్రిందట నేనొక పాతస్కూటరును తెలిసినవానికి అమ్మితిని. వాడు పేరు మార్చుకొనలేదు, నేనడుగలేదు. రెండేండ్లకు ఆ బండి తగిలి ఒక కూలివాని కాలు విరిగినది. రిజిస్టరులో నా పేరున్నందున నోటీసు నాకు వచ్చినది. కొన్నవాడు ఊరు విడిచిపోయెను. విరిగిన కాలునకు పరిహారమును నేను చెల్లించితిని. సొమ్మునకు విచారింపను. ఆ కూలివాని భార్య నన్ను జూచి, "చదువు చెప్పే అయ్యవారు ఇంత పని చేస్తారా" అనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

"ఈ గంటలో నీ బండిక్రింద ఎవరైన పడినచో, ఆ నోటీసు చూపులేని నా మిత్రుని గుమ్మము దొక్కును. బీమాయు లేదు. అతడు తన యింటినమ్మి కట్టవలయునా?" అంటిని. మావాడు తలవంచుకొని తాళము నాచేతిలో బెట్టెను.

కారును పెనుకొండలో బంధువుల దొడ్డిలో నిలిపి, బస్సులో ధర్మవరము చేరితిమి. బస్సెక్కుటకు ముందు కోటకొండను జూచుచు కొంతసేపు నిలిచితిని. 1565లో తల్లికోట యుద్ధమునందు ఓటమి కలిగినపిమ్మట తిరుమలరాయలు విజయనగరమును విడిచి ఈ పెనుకొండకు వచ్చి రాజధాని నేర్పరచెను. రాజ్యమే చేతులు మారినను, దాని బరువు మోయువాడెవడో లోకమునకు తెలియవలెను. కారు చిన్నదే, న్యాయమొక్కటే.

మరునాడు మిత్రునితో ఫోనులో మాటలాడి అతని పేరుననే బీమా కట్టించితిమి, సొమ్ము మావాడిచ్చెను. పిమ్మటనే బండిని కదల్చితిమి. ఎర్రమంచి యొద్ద 2019లో ఉత్పత్తి మొదలిడిన కియా కర్మాగారమును జూచుచు, చెన్నేకొత్తపల్లి దాటి ఇల్లు చేరితిమి. ఆ ప్రక్కన మిలమిలలాడు క్రొత్తకార్లు, మాది పాతది. మావాడు మాత్రము వానివంక జూడక, "ఫారములు నేడే వేయుదము నాయనా" అనెను.

ఇక చట్టము సంగతి. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము, మన రాష్ట్రములోనే కారు నమ్మినవాడు 14 దినములలో రవాణాశాఖవారికి తెలుపవలెను. కొన్నవాడు 30 దినములలో తెలుపవలెను. అందుకు 29, 30 సంఖ్యల ఫారములు కలవు. కారుపై అప్పున్నచో, అది తీరినట్లు బ్యాంకువారి పత్రమును, 35వ ఫారమును కావలెను. మన ప్రాంతమువారు బెంగుళూరునుండి కార్లు తెచ్చుట పరిపాటి. అట్టివారు అచ్చటి కార్యాలయమునుండి నిరభ్యంతరపత్రమును దెచ్చుకొనవలెను. దీనికి 28వ ఫారము. బీమాను తమ పేర మార్చుమని కొన్నవారు 14 దినములలో కంపెనీవారిని కోరవలెను. బీమా లేని బండిని వీధిలో నడుపుట నేరము. మొదటితప్పునకు రెండువేల రూపాయల జుల్మానాగాని, మూడునెలలవరకు చెరసాలగాని, రెండునుగాని కలుగవచ్చును. బండి ఎందరి చేతులు మారినను, రిజిస్టరులో పేరున్నవాడే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

కావున మీ బిడ్డలు పాతబండిని కొనునప్పుడు యంత్రమును వారు చూతురు. కాగితములను మీరు చదువుడు. అమ్మునప్పుడు ఖాళీతేదీపై సంతకము చేయకుడు. స్నేహమున్నచోట ఈ జాగ్రత్త మరియు నెక్కువగా నుండవలెను. నమ్మి యిచ్చినవాడు మోసపోరాదు గదా.

క్రొత్తపేరుతో పత్రము వచ్చిననాడు నేను హిందూపురము పోయి, దాని నకలును మిత్రుని చేతిలో బెట్టితిని. అతడు దానిని కంటికి దగ్గరగా బట్టి, తన పేరు లేదని తడవితడవి చూచుకొని, మడిచి పెట్టెలో దాచుకొనెను. మా తండ్రిగారు పలుపు దాచుకొనుట నాకప్పుడు కన్నులకు గట్టినది.