విశ్వనాథ పఠన దీక్ష
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 మన కొండపల్లి మిత్రులం కొందరం చేపట్టిన పఠన దీక్షను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు.

దీక్ష అనగానే మాల, ఇరుముడి అనుకోకండి. విశ్వనాథ సత్యనారాయణగారి జయంతి సెప్టెంబరు 10. ఆ రోజున 'వేయిపడగలు' మొదలుపెట్టి ఉగాదిలోపు పూర్తి చేయాలని పదకొండుమందిమి పందెం వేసుకున్నాం. నియమాలు రెండే. వారానికి రెండు సాయంకాలాలు ఒకరు పైకి చదవాలి, మిగిలినవారు వినాలి. మధ్యలో మానేసినవారు ఆఖరిరోజున అందరికీ పులిహోర, బొబ్బట్లు పెట్టాలి.

విశ్వనాథవారు మనకు పరాయివారు కారు. 1895లో కృష్ణా జిల్లా నందమూరులో జన్మించారు. 1938 నుంచి 1959 వరకు విజయవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో తెలుగు బోధించారు. తెలుగుకు తొలి జ్ఞానపీఠ పురస్కారం తెచ్చింది ఆయన 'శ్రీమద్రామాయణ కల్పవృక్షమే'. ఇక 'వేయిపడగలు' 1934లో ఆయన ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు 29 రోజుల్లో వ్రాసిపెట్టారట. ఆయన నెలలోపు చెప్పిన దాన్ని చదవడానికి మాకు ఆరునెలలు పట్టింది!

మొదట్లో కష్టపడ్డామన్న మాట వాస్తవం. కథ నడుస్తూ నడుస్తూ ఆగి, సంగీతంలోకీ శాస్త్రంలోకీ వెళ్ళిపోతుంది. ఒంటరిగా అయితే పుస్తకం మూసేసేవాళ్ళమే. పైకి చదవడం వల్ల ఆ వాక్యాలకు ఊపిరి వచ్చింది. కంట్లో శుక్లాలున్న ఇద్దరు మిత్రులు మా అందరికంటే బాగా గుర్తుపెట్టుకున్నారు. సుబ్బన్నపేట కోట కథ వింటూ తలెత్తితే ఎదురుగా మన కొండమీద శిథిలమైన ఖిల్లా కనిపించేది.

అయితే అసలు పరీక్ష నాలుగో వారంలో వచ్చింది. మనలోనే ఒక మిత్రుడు, పేరు చెప్పను, వింటూ వింటూ లేచి నిలబడ్డారు. "గురువుగారూ, ఆ గుడి వైభవం తగ్గిపోతోందని మీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మా తాత అలాంటి గుడి మెట్టు ఎక్కి ఎరగడు. నేనెందుకు ఏడవాలి?" అన్నారు. ఎవరం మాట్లాడలేకపోయాం. ముప్ఫై ఏళ్ళు ఒకే షిఫ్టులో ఒకే క్యారియరు పంచుకుని తిన్నాం కానీ, ఈ మాట మా మధ్య ఏనాడూ రాలేదు.

పందెం అక్కడితో ఆగిపోతుందనుకున్నాం. కానీ తరువాతి సాయంకాలం ఆయన చంకలో మరో పుస్తకంతో వచ్చారు. గుర్రం జాషువాగారి 'గబ్బిలం'. 1941 నాటి కావ్యం. గుడిలోకి తాను వెళ్ళలేని మనిషి, వెళ్ళగలిగిన గబ్బిలంతో శివుడికి తన గోడు చెప్పి పంపుతాడు. "మీ పుస్తకం వింటాను. చివర్లో పావుగంట నాది కూడా వినండి" అన్నారు. ఆనాటి నుంచి అదే మా మూడో నియమం అయింది.

తరువాత తెలిసిన విశేషం వినండి. జాషువాగారు వినుకొండలో పుట్టింది కూడా 1895 సెప్టెంబరులోనే, 28వ తేదీన. ఇద్దరికీ పద్దెనిమిది రోజులే తేడా. ఒకే నెలలో పుట్టిన ఇద్దరు మహాకవులు ఒకే గుడిని చూశారు, ఒకరు లోపల నుంచి, ఒకరు బయట నుంచి. రెండూ విన్నాక ధర్మారావు మీద మాకు ప్రేమ తగ్గలేదు. ఆయన దిగులుపడిన ఆ పాత లోకంలో ఎవరెవరికి చోటు లేదో కూడా తెలిసింది.

ఉగాదికి నాలుగు రోజుల ముందే పూర్తిచేశాం. ఒక్కరూ మానలేదు కాబట్టి బొబ్బట్లు చందా వేసుకునే తిన్నాం. ఆఖరి పుటలు చదివింది ఆ మిత్రుడే. "నాకు కోపం తగ్గలేదు. కానీ పెద్ద రచయిత, ఒప్పుకుంటాను" అన్నారు. మహారచయితకు ఇంతకంటే మర్యాద ఏముంటుంది?

సభవారికి నా మనవి ఒక్కటే. రాబోయే దీక్ష సెప్టెంబరు 28న జాషువాగారి కావ్యాలతో మొదలుపెడదాం. ఈసారి చివరి పావుగంట విశ్వనాథవారికి ఇద్దాం. చదవలేనివారు వినడానికి రండి, కుర్చీలు మేం వేస్తాం.