కరెంటు పోయినప్పుడు



మన సంఘం షెడ్డులో వడ్రంగం మిషన్లను అందరమూ వాడుకుంటున్నాము గనుక జాగ్రత్తల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముప్పయ్యేళ్లు వర్క్‌షాపులో పనిచేసినవాడు, గొప్పగా చెబుతాడనుకున్నారు కాబోలు. నేను చెప్పబోయేది మాత్రం నా తప్పు.

1991 వేసవి. రంపం మిషన్ మీద టేకు పలకలు కోస్తుండగా కరెంటు పోయింది. స్విచ్ ఆపకుండానే టీకి వెళ్లాను. ఇరుక్కున్న ముక్కను తీద్దామని నా సహాయకుడు చక్రం దగ్గర చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. చూపుడు వేలు రెండు కణుపులు పోయాయి. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ వచ్చి "మేస్త్రీ గారూ, బాగున్నారా" అని పలకరిస్తాడు. ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు. ఒక్కసారి తిట్టినా నాకు కొంత తేలికగా ఉండేది.

నిమిషానికి 2,880 చుట్లు తిరిగే మోటారుకు పది అంగుళాల చక్రాన్ని నేరుగా బిగిస్తే, దాని పళ్లు గంటకు దాదాపు 138 కిలోమీటర్ల వేగంతో పోతాయి. చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఎక్కడిది?

సొంత ఇంట్లో మిషన్‌ను ఎలా వదిలామో మనకు తెలుస్తుంది. ఉమ్మడి షెడ్డులో ముందువారు ఎలా వదిలారో తెలియదు. అందుకే కరెంటు పోతే ముందు స్విచ్ ఆపాలి, ఆ తర్వాతే టీ. చక్రం మార్చేటప్పుడు ప్లగ్గు పీకి కళ్లెదుట పెట్టుకోవాలి. నో-వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టరు బిగిస్తే, కరెంటు తిరిగి వచ్చినా మళ్లీ బటన్ నొక్కితే గాని మిషన్ కదలదు. కార్యదర్శి గారు ముందుగా అది కొనాలని నా మనవి. కుర్చీలకు రంగులు ఆనక వేయించుకోవచ్చు.

గ్లౌజులు వేసుకుంటే మంచిది కదా అని మొన్న ఒక మిత్రులన్నారు. తిరిగే చక్రం దగ్గర అది పొరపాటు. అంచు చిక్కితే చేతినే లాక్కుపోతుంది. కండువా, ఉంగరాలు కూడా తీసి పెట్టాలి. చిన్న ముక్కలను తోపుడు కర్రతోనే నెట్టాలి.

మనలో కొందరు గుండె జబ్బుకు రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారు. గాయమైతే రక్తం త్వరగా ఆగదు. ఒంటరిగా మిషన్ వేయకండి. ఒకవేళ వేలు తెగితే ఆ ముక్కను శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, సంచిని ఐసు మీద పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఐసు నేరుగా తగలకూడదు. ఆనాడు మాలో ఎవరికీ ఇది తెలియదు.

ఆదివారం ఉదయం పది గంటలకు షెడ్డు తెరుస్తాను. వచ్చినవారికి మెయిన్ స్విచ్ ఎక్కడుందో చూపిస్తాను. సెలవు.