నగర వాద్యం - గ్రామ గానం
(ఢిల్లీ రాక్ సంగీతకారుల గురించి విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

రాక్ సంగీతం అనగానే మన పెద్దలలో చాలామందికి కలిగే భావన ఒక్కటే. అది విదేశీయమైనది, నగరాలకే పరిమితమైనది, చెవులు చిల్లులు పడే రొద తప్ప అందులో మరేమీ లేదు. పల్లెకూ, పల్లెపాటకూ దానితో ఎట్టి సంబంధమూ లేదని కూడా అనుకుంటారు. కాని గత మూడున్నర దశాబ్దాల ఢిల్లీ సంగీత చరిత్రను పరిశీలిస్తే వేరొక దృశ్యం కనిపిస్తుంది. ఆ నగరంలో విద్యుత్ గిటారు చేపట్టి పేరు నిలుపుకొన్నవారిలో పలువురు ఏదో ఒక దశలో పల్లెపాటను ఆశ్రయించినవారే. వారు ఎందుకు వెళ్లారు? ఏమి తెచ్చుకున్నారు? తెచ్చుకున్నదానికి బదులు ఏమి ఇచ్చారు? ఈ మూడు ప్రశ్నలూ విచారింపదగినవి.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. రాక్ సంగీతానికి పుట్టినిల్లు పల్లెటూరే. అమెరికా దక్షిణ ప్రాంతంలో, మిసిసిపీ పత్తి పొలాలలో, బానిసత్వం నుంచి చట్టరీత్యా విముక్తులైనా దారిద్ర్యం నుంచి విముక్తి పొందని నల్లజాతి వ్యవసాయ కూలీలు పాడుకున్న బ్లూస్ గీతాలే దానికి మూలం. 1941లో జానపద గేయ సేకర్త ఏలన్ లోమాక్స్ స్టోవల్ అనే పత్తి క్షేత్రానికి వెళ్లి, మడ్డీ వాటర్స్ అనే యువకుని పాటలను రికార్డు చేశాడు. 1943లో ఆ యువకుడు పొట్ట చేతబట్టుకొని షికాగో నగరానికి వలస వెళ్లాడు. అక్కడి పానశాలల రొదలో మామూలు గిటారు వినిపించదు. అందువలన విద్యుత్ గిటారు చేపట్టాడు. పొలంలో పుట్టిన పాటకు నగరం ఇచ్చింది ఆ బిగ్గరతనమే. తరువాతి తరంలో ఇంగ్లండు యువకులు ఆ పాటలు విని బృందాలు కట్టారు. రోలింగ్ స్టోన్స్ తన పేరును సైతం మడ్డీ వాటర్స్ పాట నుంచే స్వీకరించింది. హార్డ్ రాక్ బృందాలలో అగ్రగణ్యమైన లెడ్ జెప్లిన్‌కు చెందిన జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ 1970లో వేల్స్ కొండప్రాంతంలో విద్యుత్తు కూడా లేని ఒక కుటీరంలో బసచేసి, తమ మూడవ ఆల్బం కోసం పాటలు కట్టారు. కనుక రాక్ సంగీతకారుడు పల్లెవైపు చూడడం వింత కాదు. అది మనుమడు తాతగారి ఊరికి పోవడం వంటిది.

అయితే ఢిల్లీ సంగీతకారునికి ఒక చిక్కు ఉన్నది. ఊరికి పోదామంటే అతని ఊరు ఏది? 1947లో దేశవిభజన వలన పశ్చిమ పంజాబు నుంచి కట్టుబట్టలతో వచ్చిన లక్షలాది ప్రజలతో ఆ నగరం పెరిగింది. తరువాత వంగదేశం నుంచి, బీహారు నుంచి, కేరళ నుంచి, మన తెలుగు జిల్లాల నుంచి ఉద్యోగాలకై వచ్చినవారితో విస్తరించింది. ఢిల్లీకి సొంత గ్రామాలు లేకపోలేదు. మునిర్కా, షాపూర్ జాట్, హౌజ్ ఖాస్ ఒకనాడు పంటపొలాల నడుమ ఉన్న ఊళ్లే. నేడు పొలాలు పోయి, పేర్లు మాత్రం మిగిలి, అవి నగరంలో అంతర్భాగాలైనాయి. గురుగ్రామ్, నోయిడా పరిసరాల గ్రామాల కథా ఇదే. ఇటువంటి చోట పెరిగిన యువకునికి తాత పాడిన పాట ఒక భాషలోను, ఇరుగుపొరుగు పాట మరొక భాషలోను, కళాశాల ఉత్సవంలో పాడే పాట ఆంగ్లంలోను ఉంటుంది.

1988 సెప్టెంబరు 30న ఢిల్లీ జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో మానవ హక్కుల ప్రచారార్థం ఒక పెద్ద సంగీత సభ జరిగింది. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, ఇంగ్లండుకు చెందిన స్టింగ్, పీటర్ గేబ్రియల్ తదితరులు పాల్గొన్నారు. ఆఫ్రికా ఖండంలోని సెనెగల్ దేశం నుంచి యూసూ ఎన్‌దూర్ వచ్చాడు. అతడు తన జాతి డప్పుల దరువులపై నవీన సంగీతాన్ని నిర్మించి ప్రపంచఖ్యాతి గడించినవాడు. సొంత భాషలో, సొంత తాళంలో పాడి కూడా ప్రపంచానికి వినిపించవచ్చునన్న సత్యానికి అతడే సాక్ష్యం.

ఆ తరువాత రెండేళ్లకు, 1990లో, ఢిల్లీలో ‘ఇండియన్ ఓషన్’ అనే బృందం ఏర్పడింది. గిటారు వాదకుడు సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూనే పాడగల అషీమ్ చక్రవర్తి దాని స్థాపకులు. 1991లో బాస్ గిటారు వాదకుడు రాహుల్ రామ్, 1994లో డ్రమ్ముల వాదకుడు అమిత్ కిలమ్ వచ్చి చేరారు. కరోల్ బాగ్‌లోని ఖజూర్ రోడ్డులో ఒక పాత ఇల్లు వారి సాధనామందిరం. 2010లో వెలువడిన తమ ఆల్బంకు ఆ ఇంటి చిరునామానే పేరుగా పెట్టుకున్నారు.

వీరిలో రాహుల్ రామ్ కథ మన విషయానికి కీలకం. ఆయన అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేటు పొందిన విద్యావంతుడు. స్వదేశానికి తిరిగి వచ్చి, 1990 తరువాతి కొన్ని సంవత్సరాలు నర్మదా బచావో ఆందోళన్‌లో పనిచేశాడు. సర్దార్ సరోవర్ ఆనకట్ట వలన ముంపునకు గురికానున్న గ్రామాల ప్రజలు సాగించిన ఉద్యమం అది. ఆయన ఆ లోయకు పాటల కోసం పోలేదు, మనుషుల కోసం పోయాడు. వారితో నడిచి, వారి సభలలో కూర్చున్నాడు. ఆ సహవాసంలో వారి పాటలు ఆయనకు అబ్బాయి. నర్మదానదికి రేవా అని మరొక పేరు. ఆ నదిని తల్లిగా సంబోధిస్తూ తీరవాసులు పాడుకునే లోకగీతమే ‘మా రేవా’. ఇండియన్ ఓషన్ ఆ పాటను 2000లో వెలువడిన ‘కందీసా’ ఆల్బంలో చేర్చింది. నగర యువత దానిని తమ పాటగా స్వీకరించింది.

ఆ ఆల్బంలోని మరి రెండు పాటలు కూడా గమనింపదగినవి. ‘హిల్లేలే’ అనే పాటకు ఆధారం గోరఖ్ పాండే రచన. ఆయన తూర్పు ఉత్తరప్రదేశ్‌కు చెందిన కవి. ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ, 1989లో మరణించాడు. విశ్వవిద్యాలయంలో ఉన్నా, రైతుకూలీలు పాడుకొనడానికి వీలుగా వారి భోజ్‌పురిలో పాటలు రాశాడు. ఇక ఆల్బంకు పేరునిచ్చిన ‘కందీసా’ కేరళ సిరియన్ క్రైస్తవులు తరతరాలుగా ఆరాధనలో పాడుకునే ప్రార్థన. దాని భాష ప్రాచీన అరమాయిక్ కుటుంబానికి చెందిన సిరియాక్. 2003లో వచ్చిన ‘ఝీనీ’ ఆల్బంలో కబీరు పదం ఉన్నది. శరీరాన్ని సన్నని నేత వస్త్రంతో పోల్చిన ఆ నేతకాని పదాలను మాళవ ప్రాంతపు పల్లెలలో భజన మండళ్లు నేటికీ తంబురాపై పాడుతాయి. నదీతీరపు గిరిజనులు, భోజ్‌పురి రైతులు, కేరళ క్రైస్తవులు, మాళవ భక్తులు ఒకరినొకరు చూసినవారు కారు. వారి పాటలు ఒకే వేదికపై కలుసుకున్నాయి. జాతీయ సమైక్యత అనే మాటకు ఇంతకంటె సహజమైన ఉదాహరణ దొరకడం అరుదు.

పంజాబీ కుటుంబంలో పుట్టిన రబ్బీ షేర్‌గిల్ మార్గం వేరు. 1988 నాటి సభలో స్ప్రింగ్‌స్టీన్ గానం విని రాక్ సంగీతంపై మక్కువ పెంచుకొన్న ఢిల్లీ యువకుడు ఆయన. తొలుత ‘కాఫిర్’ అనే బృందాన్ని నడిపాడు. 2004లో ‘రబ్బీ’ పేరుతో ఆయన తొలి ఆల్బం వచ్చేనాటికి, గిటారు ఆయన చేతిలోనే ఉన్నది, మాట మాత్రం బుల్లే షాది. 1757లో కన్నుమూసిన ఆ సూఫీ కవి సమాధి నేడు పాకిస్తాన్‌లోని కసూర్‌లో ఉన్నది. అదే ఆల్బంలో ‘హీర్’ కావ్యకర్త వారిస్ షా పద్యాలు, 1973లో మరణించిన శివకుమార్ బటాల్వీ కవిత కూడా ఉన్నాయి. ఇక్కడ గాయకుడు తిరిగి వెళ్లింది ఒక ఊరికి కాదు, సరిహద్దు రేఖ చీల్చలేకపోయిన ఒక భాషకు.

మూడవ మార్గం ‘బ్లడీవుడ్’ బృందానిది. 2016లో కరణ్ కటియార్, జయంత్ భదూలా ఢిల్లీలో దీనిని ఆరంభించారు. హార్డ్ రాక్ కంటె ఉద్ధృతమైన మెటల్ సంగీతం వారిది. అందులో వారు పంజాబు డోలును, వేణువును చేర్చారు. డోలుకు ఒక ప్రక్క బరువైన వంపు కర్ర, మరొక ప్రక్క సన్నని పుల్ల వాడుతారు. మంద్రమూ తారమూ ఒకే మనిషి చేతుల నుంచి పుట్టుకొస్తాయి. మన డప్పు వాద్యకారుని సిర్ర, సిటికెన పుల్లలను చూసినవారికి ఈ రహస్యం సులభంగా బోధపడుతుంది. 2019లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో ఈ బృందం వాయించింది. 2022లో ‘రక్షక్’ అనే ఆల్బం వెలువరించింది.

ఇంతవరకు లాభం సంగతి. ఇక ఋణం సంగతి చూడాలి. పల్లెపాట ఎవరిది? అమెరికాలో మిసిసిపీకి చెందిన బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్, తన పాటలోని పదాలను లెడ్ జెప్లిన్ వాడుకున్నదని 1985లో దావా వేశాడు. 1987లో అది రాజీతో ముగిసి, ఆయనకు న్యాయం దక్కింది. డిక్సన్‌కు పేరున్నది, పాటకు పత్రం ఉన్నది, కనుక దావా సాధ్యమైంది. మన పల్లెపాటకు కర్త పేరు ఉండదు. 1957 నాటి మన గ్రంథస్వామ్య చట్టం ప్రధానంగా కర్త తెలిసిన రచనను దృష్టిలో పెట్టుకొని రూపొందింది. 1994 సవరణ ద్వారా గాయకులకు, వాద్యకారులకు తమ ప్రదర్శనపై హక్కులు లభించాయి. అయినా తరతరాలుగా ఒక సమాజమంతా కలిసి పెంచుకొన్న పాటకు యజమాని ఎవరో చెప్పగల చట్టం ఇంకా సులభంగా దొరకదు. చట్టం చెప్పలేనిచోట ధర్మం చెప్పాలి. పాట ఏ ఊరిదో, ఎవరు నేర్పారో చెప్పడం మొదటి ధర్మం. రాబడిలో పాలు పంచడం రెండవది. నేర్పినవారి కష్టంలో తోడు నిలవడం మూడవది; అన్నిటికంటె దుర్లభమైనదీ అదే.

‘మా రేవా’ చరిత్రలో ఈ ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. ఆ పాట ఆల్బంగా వెలువడిన 2000వ సంవత్సరంలోనే, అక్టోబరు 18న, ఆనకట్ట నిర్మాణం కొనసాగవచ్చునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2017 సెప్టెంబరు 17న ప్రాజెక్టు జాతికి అంకితమైంది. 2019 సెప్టెంబరులో జలాశయం మొదటిసారిగా 138.68 మీటర్ల పూర్తి మట్టానికి నిండింది. గుజరాత్‌లో నీటికరవుతో అలమటించిన ప్రాంతాలకు ఆ నీరు చేరింది. ఎగువన మధ్యప్రదేశ్, మహారాష్ట్ర తీరాలలో ఊళ్లు మునిగాయి. ఈ రెండూ నిజాలే. ఒకదానిని చెప్పి మరొకదానిని దాచడం న్యాయం కాదు. ముంపులో పోయిన పొలానికి పరిహారం లెక్కకట్టవచ్చు. రేవు మునిగితే, ఆ రేవులో నిలబడి పాడే సందర్భానికి లెక్క ఎవరు కట్టగలరు? నేడు ఆ పాట నగరవేదికలపై మారుమోగుతున్నది, దానిని కన్న తీరంలో కొంత భాగం నీటి అడుగున ఉన్నది.

తెలుగువారికి ఈ బాధ అపరిచితం కాదు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1980 దశాబ్దం తొలినాళ్లలో, కృష్ణా తుంగభద్రా తీరాలలో ఎన్నో ఊళ్లు ఖాళీ అయినాయి. దేవాలయాలు కొన్నిటిని రాయి రాయి విప్పి ఎత్తుకు తరలించారు. పాటలను ఆ విధంగా విప్పి తరలించడం సాధ్యం కాదు. వాటికి మనుషుల గొంతులే గుళ్లు.

మన నేలపైనా సంగీతకారులు పల్లెవైపు చూస్తున్నారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. అదే సంవత్సరం విడుదలైన ఒక తెలుగు చలనచిత్రపు పాటలో ఆయన కంఠం కోట్లాది ప్రజలకు వినిపించింది. ఆ ఒక్క కంఠం వెలుగులోకి రావడం సంతోషకరం. కాని కిన్నెర, జముకు, ఒగ్గుడోలు వాయించే చేతులలో వెలుగు చూడనివి ఎన్నో ఉన్నాయి.

ఢిల్లీ సంగీతకారుల అనుభవం నుంచి విద్యార్థులు గ్రహింపదగినది ఇదే. మూలం అనేది పుట్టుకతో మాత్రమే సంక్రమించే ఆస్తి కాదు. నర్మదాలోయ రాహుల్ రామ్ పుట్టిన ఊరు కాదు. అక్కడివారి కష్టంలో పాలుపంచుకోవడం వలన వారి పాట పాడే అర్హత ఆయనకు కలిగింది. అట్టి అనుబంధం లేకుండా దరువును మాత్రం తెచ్చుకొంటే, అది అలంకారమే అవుతుంది.

1950 దశాబ్దంలో ఆచార్య బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యాన్ని విశ్వవిద్యాలయ స్థాయి పరిశోధనాంశంగా చేసినప్పుడు, పల్లెపాటలో పరిశోధించవలసినది ఏమున్నదని ఆశ్చర్యపడినవారు ఉన్నారు. ఆయన వంటివారి కృషి వలననే అనేక గేయాలు అచ్చుకెక్కి మిగిలాయి. నేటి విద్యార్థి జేబులోని ఫోను లోమాక్స్ మోసుకొనిపోయిన బరువైన యంత్రం కంటె సమర్థమైనది. సెలవులలో ఊరికి పోయినప్పుడు నాట్లు వేసే స్త్రీల పాటను, వృద్ధ కళాకారుని కథాగానాన్ని, వారి అనుమతితో రికార్డు చేయవచ్చు. పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఏ పనిలో ఏ సందర్భంలో పాడుతారో రాసి, ఒక ప్రతిని పాడినవారికి, మరొక ప్రతిని కళాశాల గ్రంథాలయానికి ఇవ్వవచ్చు. రేపు ఏ యువకుడైనా గిటారు పట్టుకొని ఆ పాట కోసం వస్తే, అది ఎవరి పాటో, ఎవరికి ఋణపడి ఉండాలో అతనికి ఆ కాగితం చెబుతుంది.