లెక్కలంటే భయమెందుకు?



"లెక్కలు మా బుర్రకెక్కవు" అంటారు మీరు. అలా అనుకుంటే పలక ముట్టరు. ముట్టకపోతే లెక్క రాదు. రాకపోతే భయం ఇంకా పెరుగుతుంది.

మన కేంద్రంలో ఒక అక్క కూడా అలాగే అనేది. ఆమెకు 5,000 రూపాయల అప్పుంది. నెలకు నూటికి 3 రూపాయల వడ్డీ. ఒకరోజు పలక పట్టింది. వందకు 3 అయితే వెయ్యికి 30. అయిదు వేలకు 150. పన్నెండు నెలలకు 1,800. షావుకారు పుస్తకంలో 2,100 ఉంది! పలక చూపించి అడిగింది. 300 తగ్గించాడు.

తప్పు పోతే సిగ్గెందుకు? చెరిపి మళ్లీ వేయండి.

పిల్లల ముందు "నాకు లెక్కలు రావు" అనకండి. "అమ్మకే రావు, నాకెలా వస్తాయి?" అనుకుంటారు. "రా, కలిసి వేద్దాం" అనండి.